ఉపాదానము: అంగడి త్రోవలోని ఆరాధన

ప్రాతఃకాలమున స్నానసంధ్యాదులు ముగించుకొని, పెరుమాళ్ళ సన్నిధిలో దీపము వెలిగించి, ద్వాదశనామములు చెప్పుకొని, కొంతసేపు ప్రశాంతముగా కూర్చుండిన గృహస్థు ఆ పిమ్మట సంచి చేతబట్టుకొని అంగడికి బయలుదేరును. గడప దాటిన మరుక్షణముననే అతని మనస్సు వేరొకటి యగును. బియ్యము ధర, రాని బస్సు, వీధికి అడ్డముగా నిలిపిన బండి, నిన్న చిల్లర తక్కువ ఇచ్చిన వర్తకుడు, ఎదురుపడియు పలుకరింపని బంధువు, ఇవి యన్నియు ఒకదాని వెంట ఒకటి వచ్చి ఆ మనస్సును ఆక్రమించును. ఇంటికి తిరిగి వచ్చునప్పటికి సంచి సరకులతో నిండియుండును. మనస్సు కలతతో నిండియుండును. ఉదయము సన్నిధిలో పొందిన శాంతి ఎచ్చట జారిపోయినదో అతనికే తెలియదు.

“ఇంటి పనులు భగవంతుని తలచుకొననీయవు” అని పలువురు వాపోవుచుందురు. ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. కాని లెక్కించి చూచినచో భయము గొలుపు విషయమొకటి తేలును. సామాన్య గృహస్థునకు పూజకై దొరకు సమయము దినమునకు ఒక గంటయో, గంటన్నరయో. నిద్రాకాలము తీసివేయగా మిగిలిన గంటలన్నియు పనులలోను, త్రోవలలోను, వరుసలలో నిలుచుటలోను గడచిపోవును. ఆ కాలమంతయు భగవంతునికి వెలుపలిదే యైనచో, జీవితములో అధికభాగము ఆయనకు వెలుపలనే గడచినట్లు కదా! పూర్వాచార్యులు ఈ చిక్కును ఎరుగనివారు కారు. దీనికి వారు చూపిన త్రోవ పంచకాల ప్రక్రియ.

పంచకాలములు

పాంచరాత్రాగమమునందలి జయాఖ్యాది సంహితలు వైష్ణవుని దినమును ఐదు కాలములుగా విభజించినవి. అవి అభిగమనము, ఉపాదానము, ఇజ్య, స్వాధ్యాయము, యోగము. ప్రాతఃకాలమున భగవంతుని సమీపించి శరణువేడుట అభిగమనము. ఆయన ఆరాధనకు కావలసిన ద్రవ్యములను సమకూర్చుకొనుట ఉపాదానము. మధ్యాహ్నమున ఆరాధన సలుపుట ఇజ్య. ఆ పిమ్మట వేదశాస్త్రములను, దివ్యప్రబంధమును, పురాణేతిహాసములను చదువుట స్వాధ్యాయము. రాత్రి భగవంతుని ధ్యానించుచు ఆయన పాదములయందు మనస్సును నిలిపి విశ్రమించుట యోగము. శ్రీమద్వేదాంతదేశికులు తమ ‘పాంచరాత్రరక్ష’లో ఈ నిత్యానుష్ఠానమును సప్రమాణముగా స్థాపించినారు.

ఈ ఐదింటిలో నాలుగు సన్నిధి ముందరనో, పీట మీదనో జరుగునవి. ఉపాదానమొక్కటి వీధిలో జరుగునది. పూవులు, తులసి, జలము, సమిధలు, ధాన్యము, కాయగూరలు తెచ్చుట, వానికి వలసిన ధనమును న్యాయముగా ఆర్జించుట, ఇదియే ఉపాదానము. నేటి మాటలలో చెప్పవలెనన్న, అంగడికి పోవుట, పాలు తెచ్చుట, నూనె కొనుట, ఉద్యోగమునకు పోయి జీతము తెచ్చుట, ఇవియన్నియు ఈ కాలములోనివే. శ్రీవైష్ణవ గృహమున వండినదెల్ల మొదట పెరుమాళ్ళకు నివేదింపబడును గదా! కావున కుటుంబమునకై తెచ్చిన బియ్యమును మొదట ఆయన బియ్యమే. అది తెచ్చుటకు వేసిన ప్రతి యడుగు ఆయన కైంకర్యమే.

ఇచ్చట ఒక సూక్ష్మము గమనింపదగినది. ఉపాదానము ఆరాధనకు ముందు జరుగు ఏర్పాటు మాత్రమే యని శాస్త్రము చెప్పలేదు. దానిని ఆరాధనలోని ఒక అంగముగనే లెక్కించినది. అట్లయినచో సన్నిధిలో పూవు సమర్పించునప్పుడు ఎట్టి మనస్సు వలెనో, ఆ పూవు కొనునప్పుడును అట్టి మనస్సే వలయును. ఆ మనస్సునకు రెండు లక్షణములు. మొదటిది అవధానము, అనగా చేయుచున్న పనియందే ఎరుకతో నిలుచుట. రెండవది సమత, అనగా ఎదురైనదానిని ఉన్నది ఉన్నట్లు చూచుట. చూచిన వెంటనే మెచ్చుకోలుకో నిందకో దిగకుండుట.

నాలుగు మాటలు

భగవద్గీత 12వ అధ్యాయమున భగవంతుడు తనకు ప్రియుడైన భక్తుని లక్షణములు చెప్పుచు, 16వ శ్లోకమున అతడు శుచి, దక్షుడు, ఉదాసీనుడు, గతవ్యథుడు అని పేర్కొనినాడు. భగవద్రామానుజులు తమ గీతాభాష్యమున ఈ పదములకు చేసిన వివరణము అంగడికి పోవువానికై వ్రాసినదా అనిపించును. శాస్త్రసమ్మతమైన ద్రవ్యములతో దేహమును పోషించుకొనువాడు శుచి. శాస్త్రవిహితమైన పనులను చేపట్టుటకు సమర్థుడైనవాడు దక్షుడు. తక్కినవానియందు పట్టింపు లేనివాడు ఉదాసీనుడు. ఆ పనులు నెరవేర్చునప్పుడు తప్పించుకొనరాని చలి, ఎండ, కఠినస్పర్శ మొదలగు కష్టములు కలిగినను వ్యథ చెందనివాడు గతవ్యథుడు.

దక్షుడే ఉదాసీనుడు కూడ కావలెనన్నది ఇందలి రహస్యము. పనియందు సామర్థ్యము గలవానికి సాధారణముగా పట్టింపులు మెండు. పట్టింపు లేనివానికి పనియందు శ్రద్ధ తక్కువ. భక్తుడు మాత్రము పనిని పూర్ణముగా చేయును. పనికి సంబంధింపని దానిని మనస్సునకు ఎక్కించుకొనడు.

తులాధారుని త్రాసు

మహాభారతము శాంతిపర్వమున మోక్షధర్మములలో జాజలి తులాధారుల కథ కలదు. జాజలి మహాతపస్వి. అతడు కదలక మెదలక నిలిచి తపస్సు చేయుచుండగా పక్షులు అతని జటలలో గూడు కట్టుకొనినవి. గ్రుడ్లు పెట్టినవి. పిల్లలు పుట్టి, పెరిగి, రెక్కలు వచ్చి ఎగిరిపోవువరకు అతడు కదలలేదు. అంతటి దయ, అంతటి నిగ్రహము! కాని ఆ పక్షులు తిరిగి రాకుండ వెడలిపోయిన నాడు “నేను ధర్మమును సాధించితిని” అను గర్వము అతనికి కలిగినది. అప్పుడు కాశీనగరమందలి తులాధారునితో నీవు సమానుడవు కావని అదృశ్యవాణి పలికినది.

జాజలి కాశికి పోయి చూచెను. తులాధారుడు అంగడిలో కూర్చుండి సరకులు అమ్ముకొనుచున్న వర్తకుడు. అతడు లేచి, అతిథిని పూజించి, అతని వృత్తాంతమంతయు తానే చెప్పి, తన ధర్మమును వివరించెను. ఇతరుల పనులను తాను పొగడుటయు లేదు, తెగడుటయు లేదు; తన త్రాసు సకలభూతములయెడ సమముగా నిలుచును; ఇదియే అతడు చెప్పిన దాని సారము.

అడవిలో కదలక నిలిచినవానికి తన్ను తాను ఇతరులతో తూచుకొను బుద్ధి పోలేదు. అంగడిలో రోజంతయు తూచువానికి అది పోయినది! పరిసరములు మారినంతమాత్రమున మనస్సు మారదని, మనస్సు మారినచో అంగడియే తపోవనమగునని ఈ కథ తెలుపుచున్నది.

త్రాసు చేయు పని గమనింపుడు. బరువైన దానిని బరువని, తేలికయైన దానిని తేలికయని అది చూపును. కాని తేలికయైన దానిపై కోపింపదు. బరువైన దానిని ప్రేమింపదు. ఒకటి తూచి ముగిసిన పిమ్మట మరల నిలువుగా నిలుచును. మునుపటి సరకు బరువును తరువాతి సరకు మీదికి తీసికొనిపోదు.

వివేకము వేరు, నింద వేరు

ఇచ్చట ఒక శంక కలుగవచ్చును. తీర్పు చెప్పరాదన్నచో పుచ్చువంకాయను మంచి వంకాయను ఒకటిగా చూడవలెనా? తూకము తగ్గించినవానికి మారుమాటాడక డబ్బిచ్చి రావలెనా? ఎంతమాత్రమును కాదు. శ్రీభాష్యమున లఘుసిద్ధాంతమునందు భక్తికి సాధనములుగా ఏడు చెప్పబడినవి. వివేకము, విమోకము, అభ్యాసము, క్రియ, కల్యాణము, అనవసాదము, అనుద్ధర్షము అని వాని పేర్లు. వానిలో మొదటిదైన వివేకము ఆహారమును పరీక్షించి దుష్టమైనదానిని విడుచుటయే. ఉపాదానమునందు పరీక్ష విడిచినవాడు మొదటి మెట్టుననే జారినవాడు.

అయినను, ఆ ఏడింటిలోనే కల్యాణము కలదు. సత్యము, ఋజుత్వము, దయ, దానము, అహింస, అనభిధ్య అనునవి కల్యాణములు. అభిధ్య యనగా పరుల సొమ్మును తనదిగా తలచుట, నిష్ఫలమైన చింత, పరులు తనకు చేసిన అపకారమునే తలపోయుట అని వ్యాఖ్యాతలు వివరించిరి. ఇవి లేకుండుట అనభిధ్య. నిష్ఫలచింత, పరాపకారచింత! అంగడి నుండి తిరిగి వచ్చు త్రోవలో మనుష్యుని మనస్సున మెదలునవి చాలవరకు ఈ రెండే కదా.

కావున వస్తువును పరీక్షింపవలెను. మనుష్యునకు తీర్పు చెప్పరాదు. వంకాయలో పురుగున్నచో, ఉన్నదని చూచి ప్రక్కన పెట్టవలెను. అచ్చటితో ఆ పని ముగిసినది. “వీడు మోసగాడు, ఈ అంగడియే ఇట్టిది, కాలమే చెడినది” అని పోవుట పురుగును వంకాయనుండి తీసి మనస్సున పెట్టుకొనుట వంటిది. తూకము తగ్గినచో “అయ్యా, ముల్లు సరిగా నిలువలేదు, మరల తూచుము” అని మెల్లగా, స్పష్టముగా చెప్పవలెను. చెప్పుట సత్యము, మెల్లగా చెప్పుట దయ, చెప్పి మరచుట అనభిధ్య.

మొదటి మాట, రెండవ మాట

ఈ భేదమును అభ్యసించుటకు సులభమైన ఉపాయమొకటి కలదు. ఏది ఎదురైనను మనస్సు మొదట ఒక మాట పలుకును; వెంటనే రెండవ మాట చేర్చును. “ఎండ” అన్నది మొదటి మాట. “పాడు ఎండ” అన్నప్పుడు చేరినది రెండవ మాట. “వరుస పొడుగుగా నున్నది” అన్నది మొదటిది. “వీరందరును నాకు అడ్డము వచ్చినారు” అన్నది రెండవది. “ఆమె గట్టిగా మాటాడుచున్నది” అన్నది మొదటిది. “మర్యాద లేనిది” అన్నది రెండవది. మొదటి మాట చూపు. రెండవ మాట తీర్పు. మొదటి మాట సత్యము. రెండవ మాట చాలసార్లు ఊహ. గట్టిగా మాటాడిన ఆ స్త్రీ ఇంటిలో రోగితో రాత్రియంతయు మేలుకొని వచ్చినదేమో, చెవి వినపడనిదేమో, ఎవరెరుగుదురు? ఆమె హృదయమున అంతర్యామియై యున్నవాడు ఎరుగును. తీర్పు ఆయన పని.

రెండవ మాట రాకముందు ఒక్క భగవన్నామమునకు చోటిచ్చినచో చాలును. “ఎండ, గోవిందా!” అనుకొని ముందుకు పోవలెను. కొన్ని దినములలోనే త్రోవ తేలికపడుట ఎవరికి వారే తెలిసికొందురు.

అనవసాదము, అనుద్ధర్షము అని పైన చెప్పిన రెండును ఇచ్చటనే ఉపకరించును. దేశకాలములు అనుకూలింపక పోవుటచేతను, దుఃఖహేతువులను మరల మరల తలచుటచేతను మనస్సు కాంతి కోల్పోయి దైన్యము పొందుట అవసాదము. దానికి విరుద్ధముగా మితిమీరిన సంతోషముతో పొంగిపోవుట ఉద్ధర్షము. సరకు చౌకగా దొరకినదని పొంగుటయు, దొరకలేదని క్రుంగుటయు, రెండును మనస్సును సన్నిధినుండి దూరము చేయునవే. రెండును లేనివాడు అంగడికి పోయినట్లే తిరిగి వచ్చును.

తిరుమలకొండపై రెండు కైంకర్యములు

ఆచార్యపురుషుల చరిత్రలలో ఉపాదానమునకు సంబంధించిన ఘట్టములు పెక్కు కలవు. తిరుమలనంబి యామునాచార్యుల శిష్యులు, భగవద్రామానుజులకు మేనమామ. ఆయన శ్రీనివాసుని అభిషేకమునకై పాపవినాశనతీర్థము నుండి నిత్యము జలము మోసికొని వచ్చెడివారు. నీళ్ళు తెచ్చుట! అంతకంటె సామాన్యమైన పని ఏమున్నది? ఒకనాడు త్రోవలో ఒక బోయవాడు “తాతా, దాహము” అని అడిగెను. స్వామికై తెచ్చు జలము ఈయరాదని నంబి ముందుకు సాగగా, వాడు వెనుకనుండి బాణముతో కుండకు రంధ్రము చేసి నీళ్ళు త్రాగెను. కుండ ఖాళీయైనది. నంబి ఖిన్నులైరి. అప్పుడా బోయవాడు కొండపై బాణము వేసి, దగ్గరలోనే నిర్మలజలధారను చూపి అదృశ్యుడాయెను. అదియే ఆకాశగంగ. ఆలయమునకు పాపవినాశనము సుమారు 5 కిలోమీటర్లు. ఆకాశగంగ సుమారు 3 కిలోమీటర్లు. వృద్ధుని శ్రమ తగ్గింపదలచి స్వామియే వచ్చినాడు! కుండ పగులగొట్టినవాడే నీరు చూపినవాడు. ఈ కైంకర్యస్మృతిగా నేటికిని తిరుమలలో తణ్ణీరముదు ఉత్సవము జరుగుచున్నది.

రెండవ ఘట్టము అనంతాళ్వారులది. ఆయన రామానుజుల ఆజ్ఞచే తిరుమల చేరి, పూదోట పెంచి, దానికై చెరువు త్రవ్వుచుండిరి. గర్భవతియైన భార్య మట్టి తట్టలు మోయుచుండెను. ఒక బాలుడు వచ్చి తోడ్పడుదుననెను. కైంకర్యములో పరులకు భాగమీయరాదని ఆయన నిరాకరించిరి. బాలుడు చాటుగా ఆమెకు సాయపడుట తెలిసి కోపించి గునపము విసరగా, అది బాలుని గడ్డమునకు తగిలినది. బాలుడు పరుగెత్తి ఆలయములోనికి పోయెను. గర్భాలయమున స్వామి చుబుకము నుండి రక్తము కారుచుండెను. ఆ గునపము నేటికిని ఆలయమహాద్వారమువద్ద గోడకు వ్రేలాడుచు యాత్రికులకు కనబడుచున్నది. స్వామి చుబుకమునందలి పచ్చకర్పూరము ఆ గాయమును స్మరింపజేయుచున్నది.

అంతటి మహాభక్తుని దోషమెన్నుట ఈ వ్యాసపు ఉద్దేశము కాదు. అట్లు ఎన్నినచో ఇంతవరకు చెప్పినదంతయు వ్యర్థమగును. ఆయన అవధానము అపారమైనది. ఒక్క తట్ట మట్టియైనను పరుల చేతికి ఈయనంత శ్రద్ధ. ఆ శ్రద్ధను నిమిత్తముగా చేసికొని స్వామి లోకమునకు ఒక పాఠము నేర్పినాడు. పనియందలి పట్టుదల పట్టింపుగా మారిన క్షణమున, సాయము చేయ వచ్చిన భగవంతుడే అడ్డము వచ్చినవాడుగా కనబడును. నంబికి బోయవాడుగా, అనంతాళ్వారులకు బాలుడుగా వచ్చినవాడు నేటి గృహస్థునకు ఏ రూపమున వచ్చుచున్నాడో! వరుసలో ముందు చొరబడిన ముదుసలియో, చిల్లర లెక్క తప్పిన పిల్లవాడో, దారి అడిగి ఆలస్యము చేసిన పరదేశియో.

ఆచరణక్రమము

ఇంటినుండి బయలుదేరునప్పుడు సంచి చేతబట్టుకొని సన్నిధి ముందర ఒక్క క్షణము నిలువవలెను. ఇది స్వామి ఆరాధనకై చేయు ఉపాదానమని సంకల్పింపవలెను. గడప దాటునప్పుడు ఆ దాటుట తెలియవలెను. మొదటి పది యడుగులు నామముతో వేయవలెను. రామానుజులు భిక్షకు వెడలునప్పుడు తిరుప్పావై అనుసంధించుచు నడచెడివారు. అందుచేతనే ఆయనకు తిరుప్పావై జీయరని పేరు వచ్చినది. పెద్దనంబి ఇంటి వాకిట 18వ పాశురము ముగియునప్పటికి, ఆయన కుమార్తె అత్తుళాయి తలుపు తీయగా, నప్పిన్నయే ఎదుట నిలిచినదని రామానుజులు మూర్ఛిల్లిరి. భిక్షకు పోవుట ఎల్లవారు చేయునదే. ఆ మనస్సుతో పోవుటచే అది దర్శనమైనది.

కొనునప్పుడు చేయి వస్తువుమీద, కన్ను వస్తువుమీద, మనస్సును వస్తువుమీద నుండవలెను. వేదాంతదేశికులు ఉంఛవృత్తితో జీవించినవారు. ఒకరు వారి భిక్షాధాన్యములో బంగారు నాణెములు కలిపినారట. అవి ఏమని ఇల్లాలు అడుగగా, పురుగులై యుండునని ఆయన దర్భతో ప్రక్కకు నెట్టివేసిరట. వలసినదానియందే చూపు నిలిచినవానికి వలయనిది బంగారమైనను పురుగే.

నిరీక్షింపవలసి వచ్చినప్పుడు చేయి వెంటనే ఫోనుమీదికి పోకుండ చూచుకొనవలెను. శ్వాస వచ్చుచున్నది, పోవుచున్నది. ముందున్నవారు కదలుచున్నారు, ఆగుచున్నారు. దానిని చూచుచు నామము చెప్పుకొనవలెను. తిరుమలలో గంటల తరబడి వరుసలో నిలుచు యాత్రికునికి ఇది మరింత ముఖ్యము. కొన్ని క్షణముల దర్శనమునకై గంటలు వేచియుండువాడు ఆ గంటలన్నియు విసుగుతో గడిపినచో, ఆ విసుగునే వెంటబెట్టుకొని స్వామి ఎదుట నిలుచును. ఆ గంటలను ఉపాదానముగా గడిపినచో వరుసలోనే దర్శనము ఆరంభమగును.

ఇంటికి చేరిన పిమ్మట సంచిని మొదట సన్నిధి ఎదుట ఉంచి నమస్కరింపవలెను. సాత్త్వికత్యాగము చేయవలెను, తన శేషభూతుడైన ఈ జీవునిచేత భగవంతుడే తన ప్రీతికై తన పనిని చేయించుకొనినాడని తలచి, కర్తృత్వమును ఆయనకే విడువవలెను. ఇల్లాలు వంటకు కూర్చుండునప్పుడును ఇదే క్రమము. కూర తరుగుటయు, బియ్యములో రాళ్ళు ఏరుటయు ఇజ్యకు ముందరి ఉపాదానమే.

చివరకు ఒక మాట. ఈ అభ్యాసమునకు దిగినవాడు మొదటి దినముననే పదిసార్లు మరచును. పూవుల అంగడి దాటకముందే మనస్సు పాత కలహమును త్రవ్వుచుండును. అప్పుడు “ఛీ, నావల్ల కాదు” అని తన మనస్సునకే తీర్పు చెప్పరాదు. అదియును రెండవ మాటయే. చంచలమైన మనస్సు ఎచ్చటెచ్చటికి పోవునో అచ్చటచ్చటినుండి మరల్చి నిలుపుమని గీత 6వ అధ్యాయమున భగవంతుడు ఉపదేశించినాడు. పోవుట దాని స్వభావమని ఎరిగియే చెప్పినాడు. పోయినందుకు శిక్షింపుమని చెప్పలేదు. మరల్చుమని మాత్రమే చెప్పినాడు. త్రోవ తప్పిన ఆవుదూడను గొల్లవాడు మెల్లగా మందలోనికి తోలుకొని వచ్చినట్లు తెచ్చుకొనవలెను.

రేపటి ఉదయము సంచి ఎట్లును చేతబట్టవలసినదే. అంగడికి ఎట్లును పోవలసినదే. ఆ పోకను ఆరాధనగా చేసికొనుటకు క్రొత్తగా సమయము అక్కరలేదు, ధనము అక్కరలేదు. ఆస్తికులందరును తమ నిత్యోపాదానమును శ్రీనివాసుని కైంకర్యముగా భావించి, అవధానముతోను సమతతోను ఆచరించి, ఆ స్వామి కృపకు పాత్రులగుదురు గాక!